వేళ్ల హాజరు

కిర్రు, కిర్రు, కిర్రు. వీధి మలుపు తిరగకముందే ఆ చప్పుడు చెవిన పడుతుంది. ఇనుము మీద ఆకురాయి పాకే చప్పుడు. పదిసార్లు పలికి ఆగుతుంది. ఒక ఊపిరి తీసుకున్నంత సేపు ఏమీ ఉండదు. మళ్లీ మొదటి నుంచి పది.

చప్పుడు వెంట నడిస్తే ఒక రేకుల గది వస్తుంది. కిటికీ కింద ముక్కాలి పీట, పీట మీద మేస్త్రి. మోకాళ్ల మధ్య రంపపు బిళ్ల, ఒళ్లో ఇనుపరజను. మొద్దుబారిన రంపాలన్నీ వడ్రంగులు అతని దగ్గరికే తెస్తారు. ఒక్కో పంటినీ పదిసార్లు రుద్ది, వెలుతురుకెత్తి చూసి, పక్క పంటికి పోతాడు. ఎడమచేతికి చిటికెన వేలు లేదు. అది ఉండాల్సిన చోట కిటికీ వెలుతురు ఉంటుంది.

ఆరేళ్ల కిందటి దాకా అతను సాన పట్టేవాడు కాదు, పని నేర్పేవాడు. సముద్రాల అవతల ఒక సాంస్కృతిక సేవాసంస్థ ఉండేది. పిల్లల్లేని కలిగినాయన ఎవరో పోతూ పోతూ వదిలిన ఆస్తితో నడిచేది. తమ దేశంలో కచేరీలు పెట్టించేవాళ్లు, పాత చిత్రాలు కాపాడేవాళ్లు. మరో నాలుగు దేశాల్లో చేతిపని నేర్పే బళ్లు నడిపించేవాళ్లు. అలాంటి బడి ఒకటి ఈ ఊళ్లో, పాత గోదాములో తెరిచారు. ఏడాదికి పన్నెండు మంది ఆడవాళ్లు. కుర్చీ, బల్ల, తలుపు, కిటికీ. ఏడాది చివర సర్టిఫికెట్. అది చేతిలో ఉంటే ఫర్నిచర్ ఫ్యాక్టరీ గేటు తెరుచుకునేది.

ఆ బడిలో మేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు. పొద్దున్నే హాజరుపట్టీ తీసేవాడు కాదు. అందరూ వరసలో నిలబడి రెండు చేతులూ ఎత్తి, ఎవరి వేళ్లు వాళ్లు చెప్పాలి.

"పది."

"పది."

"పది, బాబాయ్."

సాయంత్రం తాళం వేసే ముందు మళ్లీ అదే. ఆఖర్న మేస్త్రి తన చేతులెత్తి "తొమ్మిది" అనేవాడు.

"ఆ ఒక్కటీ ఎటు పోయింది బాబాయ్?"

"నామీద అలిగి పుట్టింటికి పోయింది. ముప్పై ఏళ్లయింది, ఇంకా రాలేదు."

రోజూ అదే మాట, రోజూ నవ్వు. అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా ఎక్కువసేపు నవ్వేది కొలతమ్మ. ఇద్దరు పిల్లల తల్లి. ఏ చెక్కనైనా మూడుసార్లు కొలిచిగాని గీత గీసేది కాదు, అందుకని ఆ పేరు పెట్టింది కూడా మేస్త్రే. "నువ్వు కొలిచేలోపు చెట్టు ఇంకో జానెడు పెరుగుతుంది" అని వేళాకోళం చేసేవాడు. లోపల మాత్రం, తను పోయాక తన చెయ్యి బతికుండేది ఈ పిల్ల దగ్గరే అనుకునేవాడు.

సర్టిఫికెట్లకు ఇంకా రెండు నెలలుందనగా సంస్థ నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. ఏటా వాళ్లు ఒక బొమ్మల పుస్తకం వేస్తారు. ఆ ఏటి పుస్తకం మొత్తం చేతుల గురించేనట. బడి మేనేజరు అతని మాట విని మేస్త్రికి చెప్పాడు. "కోత మిషను దగ్గర కొలతమ్మ చేతులు కావాలంటున్నాడు. రంపానికి మూత అడ్డమొస్తోందట. అయిదు నిమిషాలు తీస్తారా?"

ఆ మూత మేస్త్రి బిగించినది. అది ఉంటే వేలు రంపం దాకా పోదు. మూడేళ్లలో ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఆరోజు తనే స్పానరు తెచ్చి తనే విప్పాడు. బోల్టులు రెండూ చొక్కా జేబులో వేసుకుని, మూత చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మిషను ఆపే ఉంది. కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడుతోంది. ఆ ఎండలో పొట్టు బంగారు దుమ్ములా తేలుతోంది. కొలతమ్మ చేతులు చెక్క మీద నీళ్లలో చేపపిల్లల్లా ఉన్నాయి. నిజంగానే అందంగా ఉన్నాయని మేస్త్రికి కూడా అనిపించింది.

తర్వాత అతిథికి భోజనం, ఉపన్యాసం, చప్పట్లు. సాయంత్రం వేళ్లు చెప్పారు. అందరివీ ఉన్నాయి. తాళం వేశాడు. మర్నాడు పొద్దున మళ్లీ చెప్పారు. పన్నెండు పదులు, ఒక తొమ్మిది. మేస్త్రి మనసు కుదుటపడింది. రోజూ అలాగే కుదుటపడేది. వేళ్లు లెక్కపెట్టాడు గాని, మిషను వైపు చూడలేదు. ఇంతలో అతిథిని సాగనంపడానికి రమ్మని మేనేజరు కేకేశాడు.

కొలతమ్మ మూత లేకపోవడం చూసింది. బాబాయ్ తీశాడంటే దేనికో తీసుంటాడు అనుకుంది. సన్నటి చెక్క ఒకటి మూడుసార్లు కొలిచి, మిషను మీద పెట్టింది.

వాకిట్లో కారు డోరు వేసిన చప్పుడూ, లోపల రంపం పాట తెగిన చప్పుడూ ఒకేసారి వినపడ్డాయి. మేస్త్రి కారు వైపు ఊపుతున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. మూడో వేలూ బొటనవేలూ ఉన్నాయి గాని వంగడం లేదు. నెలలోపు నరాలు అతికించే ఆపరేషన్ చేస్తే ఆ రెండూ దక్కుతాయని, ఆలస్యమైతే కొయ్యబారిపోతాయని డాక్టరు చెప్పాడు. ఆ ఆపరేషన్ పెద్ద పట్నంలో తప్ప జరగదు.

మూడోనాడు మేనేజరు మేస్త్రిని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. బల్ల మీద కాగితం ఉంది.

"సంస్థ నిబంధన మీకు తెలుసు కదా మేస్త్రిగారూ. తప్పు బడిదైతే ఆరోజే సాయం ఆగిపోతుంది. నేర్చుకునే మనిషిదైతే ఆ మనిషి పేరు కొట్టేస్తారు, బడి నడుస్తుంది."

"మరి ఆమె ఆపరేషన్, సార్?"

"తప్పు మనదైతేనే వాళ్లు చేయిస్తారు."

మేస్త్రి కాగితం చదివాడు. ఫోటో అవగానే తను మూత బిగించేశాడని, మర్నాడు పొద్దున ఎవరూ చూడకుండా ఆమే విప్పిందని ఉంది.

"నేను బిగించలేదు సార్."

"ఇప్పుడు బిగించే ఉంది, వెళ్లి చూసుకోండి. కొత్త బోల్టులు కొనిపించాను." మేనేజరు గొంతు తగ్గించాడు. చెడ్డవాడు కాదతను, మూడు రాత్రులుగా నిద్ర లేదు. "ఒకవైపు నాలుగు వేళ్లు. ఇంకోవైపు పదకొండు మంది, నూట పది వేళ్లు. రోజూ లెక్కపెట్టేది మీరే కదా."

సంతకానికి వారం గడువిచ్చాడు.

ఇంట్లో చొక్కా ఉతకబోయిన భార్యకి జేబులో బోల్టులు దొరికాయి. అద్దం ముందు పెట్టింది, దువ్వెన పక్కన. రెండు రోజులు ఇద్దరూ వాటిని చూస్తూనే తల దువ్వుకున్నారు. మూడోరోజు ఆమే నోరు విప్పింది.

"సంతకం పెట్టకపోతే ఏమవుద్ది?"

"బడి మూస్తారు."

"పెడితే?"

"ఆ పిల్ల చెయ్యి పోద్ది."

"పోయింది కదా ఇప్పటికే." అని, అన్న మాటకి తనే భయపడి వంటగదిలోకి పోయింది.

ఆసుపత్రికి వెళ్లి ఆమెకే చెప్పేద్దామని బయలుదేరాడు మేస్త్రి. జేబులో బోల్టులున్నాయి. మంచం మీద కొలతమ్మ చెయ్యి తెల్లటి మూటలా ఉంది. జ్వరం కళ్లతో అతన్ని చూసి లేవబోయింది.

"బాబాయ్, ఒక్కటి చెప్పు. ఆ సాయంత్రం నువ్వు మళ్లీ బిగించావంట కదా. పొద్దున నేనే తీశానంట. మేనేజరుగారన్నారు, మనవాళ్లు కూడా అదే అంటున్నారు. నాకు ఆ పొద్దుట ఏదీ గుర్తు రావట్లేదు. నేనే తీశానా?"

పక్క మంచం మీద ఎవరో దగ్గారు. నర్సు ట్రే తీసుకుని పోయింది. మేస్త్రి జేబులో చెయ్యి పెట్టాడు. బోల్టులు వెచ్చగా తగిలాయి.

"ఏమో అమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు.

పదకొండు మందీ సర్టిఫికెట్లు తీసుకున్నారు, ఫ్యాక్టరీలో చేరారు. కొత్తగా పన్నెండు మంది వచ్చారు. వేళ్ల హాజరు మళ్లీ మొదలైంది. ఆ ఒక్కటీ ఎటు పోయిందని కొత్తవాళ్లు అడిగితే మేస్త్రి మాట మార్చేవాడు.

ఏడు నెలలకు బొమ్మల పుస్తకం వచ్చింది. మేనేజరు ముచ్చటగా బల్ల మీద తెరిచి ఉంచాడు. రెండు పుటలు నిండా కొలతమ్మ చేతులు. అదే ఎండ, అదే బంగారు దుమ్ము. మేస్త్రికి అలవాటు కదా, లెక్కపెట్టాడు. పది. మళ్లీ లెక్కపెట్టాడు. పది. అప్పుడు బొమ్మ అంచున మసగ్గా ఇంకో చెయ్యి కనపడింది. మూత పట్టుకున్న చెయ్యి, నాలుగు వేళ్లది.

పుస్తకం చంకన పెట్టుకుని కొలతమ్మ ఇంటికి నడిచాడు. ఆమె గుమ్మంలో కూర్చుని ఎడమచేత్తో చిన్నదానికి జడ వేయబోతోంది. పాయలు జారిపోతున్నాయి. మేస్త్రి నిలబడే అంతా చెప్పాడు. మూత తనే తీశానని, మళ్లీ బిగించలేదని, ఆరోజు ఆసుపత్రిలో బోల్టులు జేబులోనే ఉన్నాయని.

ఆమె పిల్లని లోపలికి పంపింది.

"ఇప్పుడెందుకు చెప్తున్నారు మేస్త్రిగారూ?"

బాబాయ్ అనలేదు. అతని చెవులకి అదే ముందు తెలిసింది.

"నేను తీసేదాన్ని. రోజూ నిద్రలో తీసేదాన్ని. స్పానరు బరువు కూడా తెలిసేది నాకు. ఎందుకు తీశానే, నీకేం పోయేకాలం వచ్చిందే అని నన్ను నేనే తిట్టుకుంటూ లేచేదాన్ని. వేళ్లు మిషను తీసుకుంది, పోనీ. దానికి కళ్లు లేవు. మీరు నా మొహం చూస్తూ ఏమో అన్నారు." చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. "మూడుసార్లు కొలిచేదాన్ని కదా. ఇప్పుడు పిల్లకి పాలు పోస్తే కూడా పోశానా లేదా అని అయిదుసార్లు చూస్తాను."

ఆ రాత్రి గాక మర్నాడు, పట్టపగలు, మేనేజరు చూస్తుండగానే మేస్త్రి సంస్థకు ఉత్తరం రాశాడు. కవరులో బోల్టు ఒకటి వేశాడు. రెండోది అట్టిపెట్టుకున్నాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే" అంది భార్య.

జవాబు మూడు వారాలకు వచ్చింది. మర్యాదగా, పొట్టిగా ఉంది. కొలతమ్మకి ఆపరేషన్ చేయిస్తామన్నారు, బడికి సాయం ఆపేశారు. పెద్ద పట్నం డాక్టరు ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, నరాలు కొయ్యబారాయని, ఇక చేసేదేం లేదని పంపేశాడు. ఆమె ఇప్పుడు కలప డిపోలో దుంగల కొలతలు చెప్తుంది. టేపు ఇంకొకరు పట్టుకుంటారు.

బడి మూసిన రోజు, చదువు సగంలో ఆగిన పన్నెండు మందీ గోదాము బయట నిలబడ్డారు. అందులో ఒకామె మేస్త్రి దగ్గరికొచ్చి నెమ్మదిగానే అడిగింది. "నీ పాపం కడుక్కోవడానికి మా నీళ్లే దొరికాయా బాబాయ్?"

ఆ రెండో బోల్టు ఇప్పుడు కిటికీ చట్రం మీద, ఆకురాళ్ల పక్కన ఉంటుంది, తుప్పు పట్టకుండా నూనె రాసి.

ఇదంతా రాసుకోవడానికి వచ్చిన మనిషి లేచి సెలవు అడిగితే, మేస్త్రి తల ఎత్తలేదు. పంటి మీద లెక్క ఏడు దగ్గర ఉంది. పది దాకా రుద్ది, ఆకురాయి ఆపి, గుమ్మం వైపు చూశాడు.

"ఆ రేకు తలుపు విసురుగా పడుద్దండి. చెయ్యి తీసేశాకే వదలండి."