ఇష్టం లేకున్నా బండెక్కిందట మా వదిన!

మా వదిన పోయిందని ఫోన్లో చెప్పగానే అవతలివాళ్ళు అడిగిన మొదటి మాట, "బండి మీద నుంచి పడ్డదా?" అని. ఒకరు కాదు, ఇద్దరు కాదు. భోపాలపట్నంలో మొదలుపెట్టి జగదల్‌పూర్ దాకా నేను కబురు చెప్పిన ప్రతి ఇంట్లోనూ ఇదే ప్రశ్న. "లేదు, మంచం మీదే పోయింది. మధ్యాహ్నం గంజి తాగి పడుకుంది, మళ్ళీ లేవలేదు. గుండె" అని చెప్తే కొందరి గొంతులో నిరాశ కూడా వినపడింది నాకు. ముప్పై ఏళ్ళుగా ఆమె పడే రోజు కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు మరి. ఆ ముచ్చట తీర్చకుండానే పోయింది.

పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నాకు తెలుసు. కానీ ఏడుపుకన్నా ముందు కోపం వస్తోంది. దాన్ని మింగి రాస్తే ఆమె గురించి రాసినట్టు కాదు. ఓపికున్నవాళ్ళు చదవండి.

మాది భోపాలపట్నంలో గాజుల దుకాణం. గాజులు, రిబ్బన్లు, దువ్వెనలు, చేతి అద్దాలు. దుకాణం నాది, మాటలు మా తమ్మునివి అనేవాడు మా అన్న. నిజమే. బడిలో నేను కూర్చున్నది తక్కువ. నా చదువంతా పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద సాగింది. మాది హిందీ రాష్ట్రం కాబట్టి గోదావరి అవతల నుంచి తెలుగు పేపర్లు కట్టలుగా వచ్చేవి. పొట్లానికి చించగా మిగిలిన ముక్కలో ఎంత కథ ఉంటే అంత చదివేవాణ్ణి. ఎన్ని హత్యల కథలు చదివానో, ఒక్క హంతకుడూ దొరకలేదు. అందుకని సగంలో చించిన కాగితమంటే నాకు చిన్నప్పటి నుంచీ పగ. ఈ మాట గుర్తుంచుకోండి, పని పడుతుంది.

బండి కొన్నది మా అన్న. మద్దేడు సంతకు బస్సులో గాజుల మలారాలు తీసుకుపోతే దిగేసరికి సగం పెంకులయ్యేవి. విసిగిపోయి ఎవరి దగ్గరో వాడిన మోటర్ సైకిల్ ఒకటి తెచ్చాడు. నాలుగో రోజే గుంతలో పడ్డాడు. వదిన ఆయన మోచేతికి పసుపు అద్దుతూ అడిగింది.

"పడేటప్పుడు ఎటు చూస్తున్నవ్?"

"గుంత దిక్కే. పడ్తనేమో అని చూస్తున్న."

"మరి గుంతలనే పడ్తవ్. దారి దిక్కు చూస్తే దారిల పోతుంటివి."

అప్పటికి ఆమె బండి హ్యాండిల్ కూడా ముట్టుకోలేదు. అన్న మళ్ళీ బండెక్కలేదు. నెల రోజులు అది గోడవారగా నిలబడింది. ఒక పొద్దున వదిన చీర గోచి పెట్టి దాన్ని బయటికి తోసింది. మా అమ్మ గడపలో అడ్డం నిలబడింది.

"ఏందే ఇది? నలుగురు చూస్తే ఏమంటరు?"

"నాట్లేసేటప్పుడు గోచి పెట్టలేదా అత్తా? అప్పుడు నలుగురికి కండ్లు లేవా?"

మా అమ్మ జవాబు వెతుక్కుంటుండగానే బండి స్టార్టయింది.

గేర్లు మార్చడం నేర్పింది నేను. వారం తిరిగేసరికి వెనక సీటుకు మారింది కూడా నేనే. సంత రోజు వదిన ముందు, నేను వెనక, నా ఒడిలో గాజులు. ఊరు ఊరంతా నవ్వింది. హోటల్ ముందు బల్ల మీద కూర్చునే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనకు మేము టీతో పాటు నంజుకునేదాని కింద లెక్క. "ఓ మరిదయ్యా, గట్టిగ పట్టుకో, జారిపోతవ్!" అని అరిచేవాడు. ఒకరోజు వదిన సరిగ్గా ఆయన ముందు బండి ఆపింది.

"మా మరిది దిగుతడన్నా. నువ్వెక్కు. ఎంత దూరం నోరు మూసుకుని కూసుంటవో చూద్దాం."

ఆయన ఎక్కలేదు. ఈ పెద్దమనిషిని కూడా గుర్తుంచుకోండి.

ఇంతవరకు వ్యాపారం. గాజులు పగలకుండా సంతకు చేరాలి, చేరాయి. మనిషికి అంతవరకే అర్థమవుతుంది. కానీ సంత ముగిశాక మేము ఏనాడూ తిన్నగా ఇంటికి రాలేదు. "సరుకు పని అయింది. ఇగ మన పని" అని వదిన బండిని ఇంద్రావతి వైపు తిప్పేది. అక్కడ ఏం పని? ఏమీ లేదు. నది దాకా పోవడం, తిరిగి రావడం. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ తీపి వాసన ఒక మలుపు దగ్గర ముక్కు నిండా కొట్టి, తరువాతి మలుపులో మాయమయ్యేది. "వాగు కనపడక ముందే మోకాళ్ళకు చల్లగ తగుల్తది చూడు మరిదీ. మోకాళ్ళకు కండ్లున్నట్టు" అనేది. ఇంకోసారి, "బస్సుల పోతే ఊళ్ళు తెలుస్తయ్. బండి మీద పోతే ఊళ్ళ నడుమ ఉన్నది తెలుస్తది" అంది. ఇంత మాట నా పొట్లాల చదువులో ఎక్కడా తగల్లేదు.

మలుపుల దగ్గర తిట్లు కూడా తిన్నాను. "వెనక మొద్దులెక్క కూసోకు. నాతోటి ఒరుగు. నువ్వొరిగితే బండి ఒరుగుతది." భయపడుతూనే ఒకసారి ఒరిగాను. నేల పక్క నుంచి లేచి దగ్గరికి వచ్చి, మళ్ళీ దూరం పోయింది. నా గొంతులోంచి అరుపూ కాని నవ్వూ కాని శబ్దం ఒకటి వచ్చింది. అప్పటికి నాకు నలభై దాటాయి. జనం బండి ఎందుకు నడుపుతారని నన్నెవరైనా అడిగితే ఆ శబ్దం చేసి చూపించాలనిపిస్తుంది. కానీ ఈ వయసులో చేస్తే డాక్టర్ని పిలుస్తారు.

ఆమె పుట్టిల్లు ఉసూర్ దగ్గర పల్లె. సేద్యం చేసుకునేవాళ్ళు. తల్లిని చూడటానికి ఏడాదికి రెండుసార్లు బండి మీదే పోయేది. తల్లి పోయాక కూడా మానలేదు. "ఇప్పుడక్కడ ఎవరున్నరు వదినా?" అని అడిగాను. "దారి ఉన్నది కద" అంది.

నక్సలైట్ల గొడవలున్న మా జిల్లాలో రోడ్డెక్కిన మనిషి చేతిలో ఒక కారణం ఉండాలి. నాకా దగ్గర, అంటే చెక్‌పోస్టులో, జవాను ఆపి, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏం పని మీద అని అడుగుతాడు. ఆస్పత్రి, పెళ్ళి, కోర్టు, చావు, ఏదో ఒకటి చెప్పాలి. ఆవపల్లి దారిలో ఒకసారి అలాగే ఆపారు.

"కిస్ కామ్ సే జా రహీ హో, మాతాజీ?"

"కామ్ కుఛ్ నహీ. ఐసే హీ" అంది వదిన. పనేం లేదు, ఊరికే.

జవాను నవ్వలేదు. వాడి రిజిస్టర్లో ఊరికే అనే గడి లేదు మరి. నేను ముందుకు దూకి, ఛాతీ పట్టుకుని, నాకు గుండెనొప్పి అనీ, మా వదిన నన్ను ఆస్పత్రికి తీసుకుపోతోందనీ నాకొచ్చిన హిందీలో మొరపెట్టుకున్నాను. జవాను నింపాదిగా మేము వచ్చిన దిక్కుకు చెయ్యి చూపించాడు. ఆస్పత్రి బీజాపూర్‌లో ఉంది. దాన్ని దాటి వచ్చి చాలాసేపయింది.

దాంతో మమ్మల్ని రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టారు. రెండు గంటలు. వదిన నా మొహం చూడలేదు. చివరికి పెద్దాఫీసరు వచ్చి మళ్ళీ అడిగాడు. వదిన మళ్ళీ అదే చెప్పింది. "ఐసే హీ, సాబ్. అచ్ఛా లగ్తా హై." బాగుంటుంది, అంతే. ఆయన బండిని చూశాడు, గోచి చీరను చూశాడు. ఇంటి దగ్గర తనకూ ఒకటుందనీ, నడిపి రెండేళ్ళయిందనీ మెల్లగా హిందీలో అన్నాడు. అడ్డకర్ర ఎత్తించాడు.

కొంచెం దూరం పోయాక వదిన బండి ఆపింది.

"దిగు."

దిగాను.

"నా తరఫున సాకు నువ్వెందుకు చెప్పినవ్? నేనేమన్న దొంగతనానికి పోతున్ననా?"

"భయమైంది వదినా."

"భయమైతే నీ ముచ్చట నువ్వు చెప్పుకో. నా దారికి కారణం అంటియ్యకు ఇంకోసారి. ఎక్కు."

పోయినేడు ఆమెకు గుండె బలహీనపడింది. డాక్టరు బండి వద్దన్నాడు. ఆమె కొడుకు, అంటే మా అన్న కొడుకు, రోడ్ల కాంట్రాక్టరు. తల్లి బండిని సిమెంటు గోదాములో పెట్టి తాళం వేశాడు. వాడికి వేరే కోపం కూడా ఉండిందని నా అనుమానం. వాడు వేసిన కొత్త రోడ్డు మీద వదిన ఒకసారి నడిపి వచ్చి, "బిడ్డా, నీ రోడ్డు ఎట్లున్నదో నా నడుముకు తెలిసింది" అంది. నలుగురిలో అంది.

మంచాన పడ్డాక ఒకరోజు నన్ను పిలిచి దిండు కింద నుంచి ఫోటో తీసింది. నేను కొత్తగా ఫోను కొన్నప్పుడు తీసిందే. కల్వర్టు దగ్గర నన్ను దింపి, హెల్మెట్ నా చేతికిచ్చి, వెనక్కి పోయి మళ్ళీ నా వైపు వచ్చింది. కొంగు నడుముకు చుట్టి, మోచేతులు బయటికి పెట్టి, జుట్టు రేగి, కళ్ళు నా మీద కాకుండా నన్ను దాటి ఎక్కడో ఉన్నాయి. ఆమె కింద ఎర్ర మట్టి పులుముకున్న బండి.

"నేను పోయినంక ఇది పెట్టియ్యి మరిదీ. లేకుంటే పాపం అంటరు నన్ను. అననియ్యకు."

"అననియ్యను వదినా" అన్నాను. మాటిచ్చాను.

నేను చేసిన తప్పు ఒక్కటే. ఫోటో నేనే పట్టుకుపోయి కట్టించకుండా కవర్లో పెట్టి వదిన కొడుకు చేతికిచ్చాను.

దశదిన కర్మ రోజు షామియానా కింద అడుగుపెడితే ఎదురుగా ఆరడుగుల ఫ్లెక్సీ, దాని ముందు కుర్చీలో దండ వేసిన పటం. రెండింట్లోనూ నీలం మబ్బులు, మూలల్లో గులాబీలు. మబ్బుల్లో మా వదిన, మోచేతుల దాకా. అక్కడ కోసేశారు, పొట్లం కాగితం చించినట్టు. బండి లేదు. మట్టి లేదు. దారి లేదు. మా అన్న పోయినప్పుడు కూడా ఇట్లాగే ఆయన మెడకు కోటూ టై అతికించారు. బతికున్నంత కాలం బనీను తప్ప ఎరగని మనిషికి. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాలేదు.

"ఏందిరా ఇది?"

"నువ్విచ్చిన ఫోటోనే కద కాకా."

"బండేది?"

"పెద్ద పెద్దోళ్ళొస్తున్నరు కాకా. అమ్మ ఫోటో అంటే దండం పెట్టేటట్టుండాలె. బండి మీదున్న ఆడమనిషికి ఎట్ల పెడ్తరు?"

"దసరాకు నీ జేసీబీకి పెడ్తవ్ కదరా!"

వాడు ఫోను చెవికి ఆనించుకుని పక్కకు పోయాడు. అది మోగగా నేను వినలేదు.

తరువాత ఉపన్యాసాలు. మొదట మైకు పట్టుకున్నది ఎవరనుకున్నారు? ఆ హోటల్ బల్ల పెద్దమనిషి. ఇప్పుడు చేతికర్ర వచ్చింది, గొంతు మాత్రం అదే. "ఈ తల్లి, భర్త పోయినంక, పిల్లగాని చదువు కోసం, ఇష్టం లేకున్నా బండెక్కింది. పాపం, ఎంత కష్టమొస్తే ఒక ఆడమనిషి..."

ఇష్టం లేకున్నా! మా అన్న పోయేనాటికి ఆమె బండి నడపబట్టి పదకొండేళ్ళు. అన్న దుకాణం గడపలో నిలబడి, ఆమె మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చేవాడు. ఇదంతా ఈయన బల్ల మీద కూర్చుని కళ్ళారా చూశాడు. చూసినవాడే ఇట్లా చెప్తే చూడనివాళ్ళు ఏం చెప్తారు?

నేను లేచి మైకు అడిగాను. ఇచ్చారు. ముందు వరసలో ఆఫీసర్లు. మళ్ళీ భయమైంది, అచ్చం నాకా దగ్గర అయినట్టే. "మా వదిన కష్టజీవి" అని మొదలుపెట్టాను కూడా, సిగ్గులేకుండా. అప్పుడు చెవిలో "దిగు" అని వినపడింది.

"కాదు," అన్నాను. "ఆమె ఇష్టపడి ఎక్కింది. పనుంటే పోయింది, పని లేకున్నా పోయింది. ఊరికే పోయింది. బాగుంటదని పోయింది. అంతకన్నా కారణం లేదు, మీరెవరూ అంటియ్యకండి. ఆ ఫోటోల బండి ఉండె. కోసేసిన్రు."

ఇంకా చెప్పేవాణ్ణి. మా అన్న కొడుకు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి మైకు తీసుకున్నాడు. "కాక దుఃఖంల ఉన్నడు" అన్నాడు. ముందు వరసలో ఎవరో "పాపం" అన్నారు. ఈసారి నన్ను.

భోజనాల వైపు జనం కదిలాక నేను ఒక్కణ్ణే కూర్చుండిపోయాను. మాట నిలబెట్టలేకపోయానని, ఇంకొంచెం గట్టిగా ఎందుకు అరవలేదని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. అప్పుడు మద్దేడు సంతకు వచ్చే దొర్ల తెగ ముసలమ్మ ఒకామె ఆకు దొప్పలో ఇప్పపూలు పట్టుకుని లోపలికి వచ్చింది. మా వదిన దగ్గర తప్ప ఎవరి దగ్గరా గాజులు తొడిగించుకునేది కాదు. ఆమెకు ఫ్లెక్సీ మీద రాసింది చదవడం రాదు, ఉపన్యాసాలు వినలేదు. దొప్ప పటం ముందు పెట్టింది. దండం పెట్టబోయి ఆగింది. వంగి, పటంలో మోచేతులు తెగిపోయిన చోటు చూసింది. ఒకవైపు చూసి, రెండోవైపు చూసింది.

తరువాత పటం అంచు కింద, సరిగ్గా హ్యాండిల్ ఎక్కడ ఉండాలో అక్కడ, తన రెండు పిడికిళ్ళూ పెట్టింది. కుడి మణికట్టును మెల్లగా తన వైపు తిప్పింది. చేతినిండా ఉన్న గాజులు ఒక్కసారి ఘల్లుమన్నాయి.