అత్తయ్య బ్యాటరీ నిండుగా ఉంది

మా మేనత్త పోయిందని, ఆవిడ చేపల చెరువు పక్క చెరువుకి కాపలా ఉండే ఆవిడ ఫోన్ చేసేసరికి నేను ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో డ్యూటీలో ఉన్నాను. "పొద్దున్నే టీ ఇద్దామని వెళ్తే లేవలేదండీ" అంది. ఏం చేయాలో తోచక చేతిలో ఫోన్ వంకే చూశాను. తెర మీద అత్తయ్య ఇంటి బ్యాటరీ చార్జింగ్ కనిపిస్తోంది. దాదాపు నిండుగా ఉంది. ఈ నాలుగు మాటలూ సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మామయ్య పోయాక కూడా అత్తయ్య కొల్లేటి పక్క చేపల చెరువు గట్టు వదల్లేదు. కరెంటు స్తంభాలు అక్కడిదాకా రాలేదు. రేకుల మీద సోలార్ పలక, మంచం కింద బ్యాటరీ, ఒక బల్బు, ఫ్యాను, చిన్న టీవీ. "ఊరందరికీ కరెంటు చేసే ఉద్యోగం నీది, మీ అత్తేమో సూర్యుణ్ణి నమ్ముకుని బతకాలి" అని దెప్పేది.

చార్జింగ్ ఉంటే బ్యాటరీ పెట్టె మీద పచ్చలైటు, అయిపోవస్తే ఎర్రలైటు. ఆ ఎర్రదానికి ఎర్రకన్ను అని పేరు పెట్టింది. సీరియల్ మంచి పట్టులో ఉన్నా సరే, "ఎర్రకన్ను చూసిందిరా, ఆ కోడలి ఏడుపు రేపు చూద్దాం" అని టీవీ కట్టేసేది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత తనకోసమే పుట్టిందనేది.

రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. "పచ్చలైటే ఉందిరా, ఫ్యాను వేసుకోనా?" వేసుకో అంటే, "సర్లే, ఏం తిన్నావు?" అని మొదలుపెట్టి, చేపల మేత దగ్గర్నించి మా ఆవిడ మోకాలి నొప్పి దాకా వచ్చేది. నాకు విసుగ్గా ఉండేది. నిజం చెప్పాలంటే ఆ ఫోన్లు తప్పించుకోవడానికే ఆ బ్యాటరీకి తగిలించే మీటరొకటి కొన్నాను. అందులో సిమ్ వేస్తే బ్యాటరీ ఎంతుందో నా ఫోన్లో కనిపిస్తుంది.

"ఇక నువ్వు లైటు చూసి చెప్పక్కర్లేదత్తయ్యా, నేనే చూసుకుంటా" అన్నాను గొప్పగా.

కొత్త మీటరును కొంగుతో తుడుస్తూ, "అయితే ఫోన్ చెయ్యొద్దంటావు" అంది నవ్వుతూ. నేనూ నవ్వేశాను. ఆ తర్వాత ఆవిడ చేయలేదు.

పోయేముందు కొన్నాళ్ళు సాయంత్రాలు చూస్తే బ్యాటరీ అంకె అసలు తగ్గేది కాదు. మురిసిపోయి ఒకసారి నేనే చేశాను. "భలే పొదుపుగా వాడుతున్నావత్తయ్యా!"

"వాడితే కదరా తగ్గేది" అంది. గొంతు బాగా నీరసంగా ఉంది. అక్కడ సిగ్నల్ సరిగా అందదు కదా, అదే అనుకున్నాను.

దహనం అయ్యాక పక్క చెరువు ఆవిడ చెప్పింది. "నెల్రోజుల్నించి దీపాలవేళకే పడుకుంటున్నారండీ. టీవీ పెట్టనా అంటే వద్దనేవారు. మీకు చెబుతానంటే, 'వాడికన్నీ ఫోన్లో కనపడతాయిలేవే' అన్నారు."

తల కొట్టేసినట్టయింది. నా మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషి ఆ నెల్రోజులూ నా ఫోన్ కోసం ఎదురు చూసిందో లేదో ఇక అడగడానికి లేదు.

పోయినచోట దీపం ఆరకూడదన్నారు. గట్టు గాలికి ప్రమిద నిలవలేదు. పెద్దకర్మ దాకా ఉండనిద్దామని అత్తయ్య మంచం పైన బల్బు వేసి వచ్చాం.

ఇప్పుడు పొద్దుగూకగానే ఫోన్ తీస్తున్నాను. చాలా రోజుల తర్వాత అంకె తగ్గుతోంది. ఒక్కొక్కటే దిగుతుంటే అత్తయ్య లేచి లైటు వేసుకుందనిపించి, తన నంబరు దాకా వెళ్ళి ఆగిపోతున్నాను.