అడిగినవారికి

సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి ఆవిడ చెయ్యి దానంతటదే పొయ్యి వైపు పోతుంది. గిన్నెలో నీళ్లు పెట్టి, గోరువెచ్చగా కాగాక పళ్లెంలో పోసి, గుమ్మం పక్క స్టూలు ముందు ఉంచాలి. ఇరవై ఆరేళ్లు చేసిన పని. ప్రెస్సు నుంచి భర్త వచ్చేసరికి వేళ్ల సందుల్లో మైదా జిగురు ఎండి పొరలు పొరలుగా లేస్తూ ఉండేది. చేతులు ఆ నీళ్లలో నానబెట్టి, ఆ రోజు ప్రెస్సులో మధ్యాహ్నం అన్నం తినే వేళలో చదివిన కథ మొదలుపెట్టేవాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ ఊఁ కొట్టేది. ఊఁ కొట్టినంత మాత్రాన విన్నట్టు కాదని ఆయనకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

ఇప్పుడు రెండు నెలలుగా ఆ పళ్లెం గోడకు ఆనించి ఉంది. చెయ్యి పొయ్యి దాకా వెళ్లినప్పుడల్లా ఆవిడే దాన్ని కసురుకుని వెనక్కి తెచ్చుకుంటోంది.

ఆయన బైండరు. ఊడిన పుస్తకాన్ని చూస్తే దెబ్బ తగిలిన పిల్లను చూసినట్టు ప్రాణం విలవిలలాడేది. చిత్తుకాగితాల కొట్లో తూకానికి పడి ఉన్న డిటెక్టివు నవలలు ఏరుకొచ్చి, విప్పి, మళ్లీ కుట్టి, కొత్త అట్ట వేసేవాడు. పుస్తకమంటే పదహారేసి పేజీల మడతలు వరసగా పేర్చి కుట్టినదే. ఆ మడతను ప్రెస్సులో ఫారం అంటారు. ఆవిడ కూడా ఇంట్లో కూర్చుని ఫారాలు మడిచేది, కుట్టేది. ఐదో తరగతితో ఆగిన చదువు. వేల పుస్తకాలు ఆవిడ చేతుల మీదుగా పోయాయి గానీ ఒక్కటీ కళ్ల మీదుగా పోలేదు.

ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. తనకు నచ్చింది పదిమందికీ నచ్చాలి. కనబడ్డవాడికల్లా కథ చెప్పేవాడు. ఎక్కడ హత్య జరిగింది, ఎవరెవరి మీద అనుమానం, కిటికీ కింద ఎవరి చెప్పు దొరికింది, అన్నీ కళ్లకు కట్టినట్టు చెప్పి, సరిగ్గా దొంగ దొరికే చోట నోరు కట్టేసుకునేవాడు.

"మరి ఎవరు చేశారు?" అంటే, "చదువు, తెలుస్తుంది," అని పుస్తకం చేతిలో పెట్టేవాడు.

అందుకే ప్రెస్సులో ఆయన పేరు పోయి సస్పెన్సు అనే పేరు నిలిచింది.

పుస్తకం పుచ్చుకోనివాడు లేడు, చదివినవాడూ లేడు. అచ్చుతప్పులు దిద్దే ప్రూఫుల మాస్టారికి పొద్దస్తమానం అక్షరాలే చూసి కళ్లు మంట. మెషీన్‌ నడిపే అతనికి ఇంట్లో గోల. ఆవిడ సొంత తమ్ముడికేమో, "రిటైరయ్యాక తీరిగ్గా చదువుతాలే అక్కా." ముప్ఫై ఎనిమిదేళ్లవాడి మాట అది.

వాళ్లు చెప్పినవి మాత్రం ఆయన ఒక్కటీ కాదనలేదు. మాస్టారు పొద్దున్నే నడక మంచిదంటే చలిలో ఆరు నెలలు మాస్టారి వెనకాలే నడిచాడు. మాస్టారే మానేశాక కూడా పదిహేను రోజులు ఒంటరిగా నడిచాడు, పాపం, తనూ మానేస్తే మాస్టారు నొచ్చుకుంటాడేమోనని. మెషీనతను పేకాట నేర్పుతానంటే కూర్చుని నేర్చుకుని, ఓడి, నవ్వుతూ లేచాడు. తమ్ముడు చేపలు పట్టడంలో ఉన్న మజా ఎందులోనూ లేదంటే ఒక ఆదివారమంతా గాలం పట్టుకుని కూర్చుని, మెడ కాలిపోయి ఇంటికొచ్చాడు. ఆ రాత్రి మెడకు వెన్న రాసింది ఆవిడే. "మీకెందుకండీ ఈ యాతన?" అంటే, "వాడికి ఇష్టం కదే," అన్నాడు.

ఆయన ఇష్టం మాత్రం ఎవడికీ పట్టలేదు.

పని చేస్తూ చేస్తూనే బల్ల మీదికి ఒరిగిపోయాడు. సాగనంపడానికి వచ్చినవాళ్లలో ప్రూఫుల మాస్టారు కళ్లు తుడుచుకుంటూ, "సస్పెన్సు కదయ్యా, చివర చెప్పకుండానే వెళ్లిపోయాడు," అన్నాడు. నలుగురు నవ్వారు. ఏడుపులో వచ్చిన నవ్వేగానీ చెడ్డ నవ్వు కాదు. అయినా ఆ నవ్వు ఆవిడ చెవిలో ముల్లులా ఉండిపోయింది.

నెల తిరిగాక మాస్టారు, మెషీనతను, తమ్ముడు ముగ్గురూ కలిసి వచ్చారు. ప్రెస్సులో అన్నాలు తినే గదిలో అద్దాల అలమారా పెట్టి, పైన ఆయన ఫొటో తగిలించి, ఆయన పుస్తకాలన్నీ అందులో ఉంచుతారట.

"మాకు పుస్తకం రుచి చూపించినవాడమ్మా ఆయన," అన్నాడు మాస్టారు. "ఆ ఆకుపచ్చ అట్టది ఉంది చూశావూ, గడియారాల కొట్టు కథ! దాని ముగింపు చదివి వారం రోజులు మనిషిని కాలేకపోయాను."

"నిజం వదినా," అన్నాడు మెషీనతను. "ఆ చివరి పేజీలు మనిషి రాసినవి కావు."

"బావ ఇచ్చినవాటిలో అదే గొప్పదక్కా," అన్నాడు తమ్ముడు.

ఆవిడ కళ్లు చెమర్చాయి. అయితే చదివారన్నమాట! తన మనిషి గాలికి చెప్పుకుని పోలేదన్నమాట. తీసుకెళ్లమంది. నెలాఖరుకు అన్నీ తుడిచి, కట్టలు కట్టి ఉంచుతానంది.

వాళ్లు వెళ్లాక ఒక సిగ్గు పట్టుకుంది. ఆ ఆకుపచ్చ అట్ట పుస్తకం నాలుగేళ్ల కిందట ఆయన ఆవిడకూ ఇచ్చాడు. పది రోజులు దిండు కింద ఉంచుకుని తిరిగి ఇచ్చేస్తూ, "చదివానండీ. చివర మాత్రం ఏడుపొచ్చింది," అంది. ఒక్క పేజీ తిప్పలేదు. కథంతా ఆయన నోటివెంట విన్నదే, ఆ మాత్రం చెప్పడానికి చదవాలా? ఆయన ఆవిడ మొహం వంక కాసేపు చూసి, "ఔనా," అన్నాడు. పుస్తకం అలమారాలో పెట్టుకున్నాడు.

పుస్తకాలు ఇల్లు దాటి పోయేలోపు ఆ ఒక్కటైనా చదవాలనుకుంది. లైను కింద వేలు పెట్టుకుని, పొడుగు మాటలు రెండుసార్లు కూడబలుక్కుని, మధ్యాహ్నాలు పదకొండు రోజులు చదివింది. గడియారాల కొట్టు యజమాని మాయమవుతాడు. కొట్లో నలభై గడియారాలూ నలభై రకాల వేళలు చూపిస్తూ ఆగిపోయి ఉంటాయి. గొడుగావిడ మీద అనుమానం, నౌకరు మీద అనుమానం, అప్పుడే ఊళ్లో దిగిన అల్లుడి మీద అనుమానం. ఆరో రోజుకల్లా అన్నం మాడింది. మాడిన వాసన ముక్కుకు తగిలినా ఆ పేజీ అయ్యేదాకా లేవలేదు. అప్పుడు తెలిసింది, ప్రెస్సులో అన్నం తినే వేళ ఆయనకు ఎందుకు చాలేది కాదో.

పదకొండో రోజు డిటెక్టివు అందర్నీ కొట్లోకి పిలిచి, చెయ్యెత్తి, "గడియారాలను ఆపింది..." అన్నాడు.

పేజీ తిప్పింది. తెల్ల కాగితం. దాని తర్వాత అట్ట.

మొదట పేజీలు అంటుకుపోయాయేమో అనుకుని గోరుతో విడదీసింది. కాదు. అంకె చూస్తే రెండువందల ఎనిమిది. ముందున్న పట్టికలో చివరి అధ్యాయం రెండువందల పదకొండో పేజీ అని ఉంది. పుస్తకం తిరగేసి ఫారాలు లెక్కపెట్టింది. పదమూడు. ఇంకొకటి ఉండాలి. చిరిగి ఊడిన గుర్తు లేదు. దారం పదమూడో ఫారం దగ్గరే ముడి పడింది. ఆయన ముడే, రెండుసార్లు చుట్టి లోపలికి దోపేది. పొరపాటున పడే ముడి కాదది.

ఆయన పనిముట్ల డబ్బా తెరిచింది. సూదులు, మైనం ముక్క, మడతలు నొక్కే పుల్ల. అడుగున బ్రౌను కాగితంలో చుట్టిన పద్నాలుగో ఫారం. కాగితం మీద ఆయన గుండ్రటి అక్షరాలతో ఒక్క మాట: అడిగినవారికి.

విప్పకుండానే దాన్ని పుస్తకం పక్కన పెట్టింది ఆవిడ.

చివర లేని పుస్తకాన్ని అందరి చేతుల్లోనూ పెట్టాడు. నిజంగా చదివినవాడు పరిగెత్తుకొస్తాడు, "ఓయ్ సస్పెన్సూ, చివరి పేజీలేవయ్యా?" అని గొంతు పట్టుకుంటాడు, అప్పుడు నవ్వుతూ డబ్బాలోంచి తీసి ఇవ్వాలని. ఎన్నేళ్లు చూశాడో! ఒక్కొక్కడూ వచ్చి, లేని ముగింపును ఆకాశానికెత్తి, పుస్తకం వాపసు చేసి పోయాడు. ఆయన ఒక్కడి మొహం మీదా అబద్ధమని అనలేదు. ఔనా, అనేవాడు కాబోలు, ఆవిడతో అన్నట్టే.

ఒళ్లు మండిపోయింది. మాస్టారి మీద, మెషీనతని మీద, తమ్ముడి మీద. వాళ్లందరికంటే ముందు, ఏడుపొచ్చిందండీ అన్న ఆ నంగనాచి మీద. పైవాళ్లు ప్రెస్సులోనో వీధిలోనో అబద్ధమాడి పోయారు. తనైతే, ఆయన వేడినీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఎదురుగా నిలబడి ఆడింది.

ఖాళీ స్టూలు వంక చూసి గట్టిగా అంది. "ఏమండీ, దీనికి చివరి పేజీలు లేవండీ."

గొంతు తనదిలా లేదు. పక్కింటివాళ్లు విన్నారేమోనని సిగ్గేసింది కూడా. కానీ అడిగింది. అడిగాకే ఆ కాగితం విప్పింది. గడియారాలు ఎందుకు ఆగాయో ఆ రోజు తెలుసుకుంది. అదేమిటన్నది ఇక్కడ రాయడం లేదు. ఆయన రాయనిచ్చేవాడు కాదు.

నెలాఖరు ఆదివారం ముగ్గురూ తోపుడు బండివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. పుస్తకాలు అలమారాలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, దుమ్ముతో సహా. బల్ల మీద ఆకుపచ్చ అట్ట ఒక్కటే ఉంది.

"కట్టలు కట్టలేదామ్మా?" అన్నాడు మాస్టారు.

"కడదాం మాస్టారూ, కూర్చోండి. ముందు ఒక్క మాట చెప్పండి. గడియారాలు ఆపిందెవరు?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అదీ... అది చెప్పేస్తే ఏం మజా అమ్మా! చదివి తెలుసుకోవాల్సిందే."

"చదివాను. మీరు చదివిందీ నేను చదివిందీ ఒకటేనా కాదా అని."

మెషీనతను అందుకున్నాడు. "గొడుగావిడ కదా వదినా. మొదట్నుంచీ ఆవిడ చూపే బాగాలేదు."

"ఆవిడ కాదులేవయ్యా," అన్నాడు తమ్ముడు. "నౌకరు. ఇలాంటివాటిలో ఎప్పుడూ నౌకరే."

"ఎప్పుడూ నౌకరేనా? ఎన్ని చదివావేంట్రా?" అంది ఆవిడ.

ఆవిడ పుస్తకం చివర తెరిచి మాస్టారి ముందు పెట్టింది. తెల్ల కాగితం. ఆయన దాన్ని తిప్పి చూశాడు, వెనక్కి తిప్పాడు, వేలితో తడిమాడు. చుక్క లేచిపోతే పసిగట్టే మనిషి. పదహారు పేజీలు లేచిపోతే పట్టుకోలేదు.

"బైండింగు తప్పమ్మా ఇది," అన్నాడు చివరకు.

అప్పుడు లేచింది ఆవిడ గొంతు. పాతికేళ్లలో ఆ ఇంట్లో అంత గొంతు ఎవరూ వినలేదు.

"తప్పా? ఆయన చేతిలో తప్పా? ఏ నోటితో అంటున్నారు మాస్టారూ ఆ మాట! మీరు నడవమంటే నడిచాడు. నువ్వు పేక పట్టమంటే పట్టాడు. ఒరేయ్, నువ్వు ఎండలో కూర్చోపెడితే మెడ కాల్చుకుని కూర్చున్నాడు. ఆయన అడిగింది ఏంటి? ఒక్క పుస్తకం. చదవలేనంటే ఏం, ఉరి తీసేవాడా? మాకు కుదర్లేదయ్యా అంటే సరిపోయేది. ముగింపు బాగుందట! వారం రోజులు మనిషిని కాలేదట! ఏ ముగింపు మాస్టారూ? ఈ తెల్ల కాగితమా?"

బయట బండివాడు చక్రం కింద రాయి పెడుతున్న చప్పుడు వినబడింది.

"నేనూ అంతే చేశాను," అంది ఆవిడ, గొంతు దించి. "ఏడుపొచ్చిందని చెప్పాను. నేను మీకంటే మెరుగేం కాదు. కాకపోతే నేను అలమారాలూ ఫొటోలూ అంటూ తిరగడం లేదు."

బ్రౌను కాగితం చూపించింది. మాస్టారు ఆ ఒక్క మాటా చదివాడు. ప్రూఫు చదివినట్టు, ఒక్కో అక్షరం మీద ఆగి.

"క్షమించమ్మా," అన్నాడు. "పుస్తకాలు అడిగే మొహం లేదు మాకు. ఇదొక్కటీ ఇవ్వు. అలమారాలో ఇదొక్కటే పెడదాం. ఆ ఫారం కుట్టేసి ఇచ్చావంటే... నీకు ఐదు నిమిషాల పని."

ఐదు నిమిషాలు కూడా పట్టదు. సూదికి దారం ఎక్కించి, మైనం పట్టించి పొద్దుటి నుంచీ సిద్ధంగానే ఉంచింది. అట్ట విప్పకుండా చివరి ఫారం ఎలా చేర్చాలో ఆయన దగ్గర నేర్చిందే. సూది చేతిలోకి తీసుకుంది కూడా. ముగ్గురూ ఆ చేతి వంకే చూస్తున్నారు.

సూదిని తీసి మైనం ముక్కకు గుచ్చేసింది. ఫారాన్ని బ్రౌను కాగితంలో మళ్లీ చుట్టి, డబ్బా అడుగున పెట్టి, మూత వేసింది.

"ఇలాగే పట్టుకెళ్లండి," అంది, ఆకుపచ్చ పుస్తకం మాస్టారి చేతిలో పెట్టి. "చివర కావాలన్నవాడు ఇంటికొచ్చి అడుగుతాడు."

బండి ఖాళీగా తిరిగి వెళ్లింది. గడియారంలో ఐదున్నర అయింది. ఆవిడ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆయన స్టూలు మీద కూర్చుంది. కుట్టాల్సింది కుట్టలేదు.