శాంతి నగర్ నుంచి కాశేలికి చేరని మెయిళ్లు

మొన్న ఠాణే దగ్గరి శాంతి నగర్‌లో మా సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాల షెడ్డు, పైనున్న ఆఫీసు గదిని ఖాళీ చేయించాం. పాత సామాను, భంగార్ కొనే అతను మూలనున్న పాత కంప్యూటర్ డబ్బాను ఎత్తబోతే దాని మూత ఊడి, లోపలి నుంచి దూదిపీచు పొరలు పొరలుగా రాలింది. ఒకప్పుడు మా ఇంటి మెయిలు సర్వరు అదే. అప్పట్లో ఊళ్లో ఎవరి ఆఫీసులో చూసినా ఉత్త ఫ్యాక్సు మోతే ఉండేది కాబట్టి, సొంత సర్వరు ఉందని చెప్పుకోవడం మాకు కొంచెం గర్వంగానే ఉండేది. నా వయసు వాళ్లకు ఆ గర్వం అర్థమవుతుంది.

దాన్ని పెట్టింది మా మరిది. కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాలు నడుపుకుంటున్న మా కుటుంబంలో కంప్యూటర్ మీద అంత మక్కువ ఉన్నది అతనొక్కడికే. నేను పై ఆఫీసులో ఆర్డర్లు చూసేదాన్ని, అతని భార్య, అంటే నా తోడికోడలు, ఆటోలో పోయేంత దూరంలోని కాశేలిలో, గోదాము పక్కనే కాపురముంటూ సరుకు చూసేది. మా ఇద్దరికీ చెరొక మెయిలు పెట్టె ఇచ్చాడు. కింద సాంచాల చప్పుడుకు నా ఫోన్లో మాట వినపడేది కాదు, గోదాము ఫోనేమో టెంపో డ్రైవర్లు, హమాలీలు కూర్చునే బల్ల మీదుండేది. అందుకని మేమిద్దరం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కుని మెయిళ్లు రాసుకునేవాళ్లం. మొదట్లో బట్ట తానుల సంగతే రాసినా, పోనుపోను కూరలు, పిల్లల చదువులు, మామగారి కోపాలు అన్నీ అందులోకి వచ్చి చేరాయి.

ఒకసారి మరిది పాత యంత్రం తీసేసి కొత్తది పెట్టి, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుని, నూలు కొనడానికి సూరత్ వెళ్లాడు. అప్పటి నుంచి నా తోడికోడలి దగ్గర నుంచి ఒక్క మెయిలూ లేదు. నేను రాసినవాటికి జవాబూ లేదు. పండక్కి కొన్న చీరల విషయంలో ఏమైనా మనసు కష్టపెట్టుకుందేమోనని తలపోశాను, ఆ తర్వాత నాకూ కొంచెం పట్టుదల వచ్చింది. చివరికి ఉండబట్టలేక, భోజనాలకు సాంచాలు ఆపిన వేళ సూరత్‌కు ఫోన్ చేసి మరిదిని అడిగాను.

“బయటి మెయిళ్లన్నీ వస్తున్నయ్ గద వదినా. గట్లైతే సర్వర్ మంచిగనే ఉన్నట్టు. ఆమెకే రాయ తీరుతలేదేమో,” అన్నాడు.

అతని మాట సబబుగానే తోచింది. ముంబై వ్యాపారుల మెయిళ్లు నిజంగానే రోజూ వస్తున్నాయి. అయినా మనసు ఒప్పుకోక, నాకు నేనే ఒక మెయిలు పంపుకుని చూశాను. అదీ రాలేదు. నా మీద నాకే కోపం ఉండదు కదా, లోపం ఎక్కడుందో అప్పుడు అనుమానం తగిలింది. సాంచాలు ఆగిన వేళ చూసి మళ్లీ ఫోన్ చేసి, సర్వరు తను చేసిన పనంతా రాసిపెట్టుకునే లాగ్ ఎలా తెరవాలో మరిదిని అడిగి తెలుసుకుని, నా మెయిలు వెళ్లిన వరుసను అతనికి అక్షరం అక్షరం చదివి వినిపించాను. చేరినట్టే రాసి ఉంది. ఎక్కడికి చేరిందో చదవగానే, “గది పాత జాగ వదినా,” అన్నాడు.

జరిగింది ఇదీ. కొత్త యంత్రంలో మెయిళ్లు దాచే చోటు మారింది. బయటి నుంచి వచ్చేవాటిని తెచ్చే ప్రోగ్రాముకు ఆ కొత్త చోటు చెప్పాడు గానీ, మా ఇంట్లో ఒకరికొకరం రాసుకునేవాటిని పంచే ప్రోగ్రాముకు చెప్పడం మరిచాడు. అది పాత అలవాటు ప్రకారం పాత చోటనే పడేస్తూ పోయింది. మేమేమో కొత్త పెట్టె తెరిచి, ఖాళీగా ఉందనుకుంటూ కూర్చున్నాం.

అతను చెబుతుంటే నేను చోటు చెప్పే ఆ ఒక్క వరుస దిద్ది, సర్వరును మళ్లీ మొదలుపెట్టి, ఆగిపోయినవాటిని కొత్త చోటికి మళ్లించాను. తోడికోడలు రాసినవన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

“అక్కా, రొమ్ముల గడ్డ తాకుతున్నది. ఠాణేకు పోయి చూపిచ్చుకోవాలె. నువ్వు నాతోని రా. ఆయనకు ఇంకా చెప్పలే,” అని ఒకటి. పనుల్లో పడ్డావేమో అని మరొకటి. చివరిది చిన్నది. “నువ్వు రాకున్నా ఏమనుకోను అక్కా. ఒక్కదాన్ని పోవాలంటే భయమైతున్నది, గందుకే పోలే.”

అది చదివి మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. ధామన్‌కర్ నాకా కూడలిలో ఆటో పట్టుకున్నాను. కాశేలి చేరేసరికి ఆమె తానులకు చీటీలు అంటిస్తూ ఉంది. తలెత్తి చూసి, ఏ నిష్ఠూరమూ లేకుండా, “ఇప్పుడొచ్చినవా అక్కా,” అంది.

“నీ మెయిల్ నాకు ఇయ్యాల్నే దొరికింది చెల్లె. నడువు, పోదాం.”

ఆ రోజే ఠాణే వెళ్లాం. పరీక్షలన్నీ అయ్యాక తేలింది, అది భయపడాల్సిన గడ్డేనని. కానీ ఇంకా పాకలేదని, ఇప్పుడైనా వచ్చి మంచిపని చేశారని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ అయింది, మందులకు జుట్టంతా రాలింది, మళ్లీ ఒత్తుగా వచ్చింది. సూరత్ నుంచి పరుగున వచ్చిన మరిది ఆస్పత్రి వరండాలో గోడకేసి తిరిగి ఏడ్చాడు. ఆ తర్వాత ఆ సర్వరు ఉన్నన్నాళ్లూ, పొద్దున్నే మా ఇద్దరికీ “వచ్చిందా” అని ఒక మెయిలు పంపి, మేము “వచ్చింది” అని రాసేదాకా చాయ్ ముట్టేవాడు కాదు.

ఇప్పుడు మా మెయిళ్లు ఎక్కడో ఏదో పెద్ద కంపెనీ యంత్రాల్లో ఉంటాయట, వాటిలో ఏదీ పోదట. నా తోడికోడలు సోలాపూర్‌లో కూతురి దగ్గర ఉంటోంది. రోజూ వీడియోలో కనబడుతుంది. వండిన కూర చూపిస్తుంది, చుట్టూ మనవలు, అల్లుడు, ఇటు మా వాళ్లందరూ ఫోన్లోకి తొంగి చూస్తూ పలకరిస్తారు. సంతోషంగానే ఉంటుంది. కానీ ఫోన్ పెట్టేశాక అప్పుడప్పుడు అనిపిస్తుంది, భయమవుతోంది అక్కా అని నాకొక్కదానికే చెప్పుకోవాలని ఆమెకు ఉంటే, అంతమంది నవ్వుల మధ్య ఎప్పుడు చెబుతుంది అని.