తయారైన పిల్లలు

దోమకొండలో బీడీలు చుట్టే ఇంట్లో పుట్టిన వినోద కబడ్డీ ఆడి యూనివర్సిటీ జట్టు దాకా వెళ్లింది. డిగ్రీ చివరి ఏడాది మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. ఆట పోయినా మైదానం వదలకూడదని పట్టుబట్టి వ్యాయామ విద్య చదివి, కామారెడ్డిలో ఒక ప్రైవేటు మహిళా కాలేజీలో ఆటల మేడంగా చేరింది. ఇంటర్, డిగ్రీ రెండూ ఒకే ఆవరణలో ఉన్న కాలేజీ అది. ఆమె చేరేనాటికి అక్కడ కబడ్డీ జట్టు లేదు. చిరిగిపోయిన వాలీబాల్ నెట్టు ఒకటి మాత్రం స్తంభానికి వేలాడుతూ ఉండేది.

జట్టు కావాలంటే ముందు పిల్లలు కావాలి. చలికాలంలో మండల స్థాయి బడి ఆటలు మొదలవగానే వినోద స్కూటీ మీద ఊళ్లు తిరిగేది. తాడ్వాయి, ఎల్లారెడ్డి, ఒక్కోసారి బీర్కూర్ దాకా. గెలుస్తున్న జట్లను అందరూ చూసేవారు. ఆమె ఓడిపోతున్న జట్ల దగ్గర నిలబడేది. ఇక లాభం లేదని తెలిశాక కూడా ఎవరు ఆడుతున్నారో చూసేది.

ఎల్లారెడ్డి బడి మైదానంలో రాజశ్రీని అలాగే చూసింది. పదో తరగతి పిల్ల. ఎడమ మూలన నిలబడి ఆడుతోంది. వాళ్ల జట్టు చిత్తుగా ఓడిపోతోంది. తోటి పిల్లలు నవ్వుకుంటూ జడలు సర్దుకుంటుంటే, రాజశ్రీ మాత్రం కూతకు వచ్చిన ప్రతి అమ్మాయి మడమ మీదే కన్ను పెట్టి కాచుకుంది. చివర్లో ఒకసారి దూకి కాలు దొరకబుచ్చుకుంది. ఆ అమ్మాయి గీత వైపు ఈడ్చుకుపోతుంటే మోచెయ్యి చెక్కుకుపోయింది గానీ పట్టు వదల్లేదు.

ఆ సాయంత్రమే వినోద వాళ్లింటికి వెళ్లింది. తల్లి సాలవ్వ అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తండ్రి మస్కట్‌లో కూలి పనిలో ఉన్నాడు. వినోద తానెవరో, ఎందుకొచ్చిందో చెప్పింది. సాలవ్వ చేతులు ఆగలేదు.

“ఆటలకని తీస్కపోతవా మేడం? మా పిల్ల సదువుల గూడ మంచిగనే ఉంటది.”

“సదువుకే తీస్కపోత అక్కా. ఇంటర్, డిగ్రీ మా కాలేజీలనే చదువుతది. ఆట ఆడుతది కాబట్టి ఫీజు, హాస్టల్ కాలేజీయే చూస్కుంటది.”

“మధ్యల వద్దంటే?”

“అనరు. డిగ్రీ అయ్యేదాక టీంలనే ఉంటది.”

“మాటనా?”

“మాటనే. నేను గూడ బీడీలు చుట్టే ఇంట్లకెళ్లే వచ్చిన. నా బిడ్డ లెక్క చూస్కుంట.”

సాలవ్వ అప్పుడు చాట పక్కన పెట్టి, ఒళ్లోని తంబాకు దులుపుకుని, టీ పెట్టడానికి లేచింది.

అలా ఒక్కొక్క ఊరి నుంచి ఒక్కొక్కరిని తెచ్చి వినోద జట్టు కట్టింది. మొదట్లో ఆ పిల్లలు ఎక్కడికి వెళ్లినా ఓడి వచ్చేవారు. బస్సులో తిరిగి వస్తూ ఏడ్చేవాళ్లు ఏడ్చేవారు, నిద్రపోయేవాళ్లు నిద్రపోయేవారు. మర్నాడు పొద్దున్నే మళ్లీ మైదానంలో ఉండేవారు. రాజశ్రీ ఇంటర్ పూర్తి చేసి డిగ్రీలో చేరిన ఏడాది, ఆ జట్టు యూనివర్సిటీ పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లి కొద్దిలో ఓడిపోయింది. వినోదకు అది గెలుపుతో సమానం. ఇంకొక్క ఏడాది చాలనుకుంది.

కాలేజీ నడిపే కృష్ణమోహన్‌కు మాత్రం అది ఓటమి. పోటీలు గెలిచిన కాలేజీ వాళ్లు బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అది చూసినప్పటి నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. వినోదను తన గదికి పిలిచి ఫోన్ చేతికిచ్చాడు. అదొక వాట్సాప్ గ్రూప్. కాలేజీల యజమానులు, కోచ్‌లు, మధ్యవర్తులు అందులో ఉన్నారు. ఒకదాని కింద ఒకటి, డిగ్రీ చదివే ఆడపిల్లలు కబడ్డీ ఆడుతున్న వీడియోలు. ప్రతి వీడియో కింద ఎత్తు, బరువు, ఏ కాలేజీ వదలడానికి సిద్ధంగా ఉందో రాసి ఉంది. ఒక వీడియోకు ఎవరో ‘మోకాళ్లు బాగున్నాయా?’ అని అడిగారు. ఇంకొకరు ‘నడిపించి వీడియో పెట్టండి’ అన్నారు.

వినోద ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

“ఏంది సార్ ఇది? అంగట్ల బర్లను చూసినట్టు చూస్తున్నరు.”

“గట్లంటే ఎట్ల వినోదా? పదో తరగతి పిల్లను తెచ్చి ఐదేండ్లు అన్నం పెడితే, ఆడే టైముకు పెండ్లి జేసి పంపిస్తరు. తయారైన పిల్లలు దొరుకుతుంటే మనం తయారు జేసుడెందుకు?”

వినోద ఆలోచించింది. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. జట్టులో పట్టే పిల్లలున్నారు గానీ, కూతకు వెళ్లి పాయింట్లు తెచ్చే పిల్ల లేదు. అందుకే ఆమె మధ్యేమార్గంగా ఒక మాట చెప్పింది.

“ఒక్క రైడర్‌ను తీస్కుందాం సార్. మరీ అంటే ఇద్దరు. మిగిలిన ఐదుగురు మన పిల్లలే ఉండాలె. గట్లయితే టీం గెలుస్తది, మనం పల్లెలల్ల ఇచ్చిన మాట గూడ నిలబడుతది.”

ఆయన సరేనని తల ఊపాడు. వారం తిరక్కుండానే ఆయన కారు మైదానం పక్కన ఆగింది. అందులోంచి ఐదుగురు అమ్మాయిలు బ్యాగులతో దిగారు.

ఆ రోజు నుంచి వినోదకు కాలేజీ గేటు దాటాలంటేనే రోతగా ఉండేది. హాస్టల్‌లో కిటికీ పక్క గది ఖాళీ చేయించి కొత్తవాళ్లకు ఇచ్చారు. భోజనాల దగ్గర కొత్త పిల్లలకు ఉడికిన గుడ్లు, పాలు. అదే బల్ల మీద రాజశ్రీ వాళ్లకు నీళ్ల పప్పు. వంటామెను అడిగితే, “సార్ గట్లనే చెప్పిండు మేడం, నేనేం జెయ్యాలె?” అంది. కొత్త పిల్లలు కూడా తల ఎత్తకుండా తినేవారు. పక్కనున్నవాళ్ల కంచాల వైపు చూడటానికి వాళ్లకూ మొహం చెల్లేది కాదు.

వాళ్ల మీద కోపం తెచ్చుకోవాలని వినోద ప్రయత్నించింది. రాలేదు. ఐదుగురిలో మంచి రైడర్ పద్మలత. బీర్కూర్ వైపు పిల్ల. గాలిలా లోపలికి వెళ్లి గాలిలా బయటికొచ్చేది. ఒకరోజు ఆట అయ్యాక వినోద ఆమె పక్కన కూర్చుని అడిగింది.

“ఇంతకు ముందు ఏ కాలేజీ?”

“ఇది మూడోది మేడం. ఒక కాడ ఒక సెమిస్టర్, ఇంకో కాడ రెండు. పరీక్షలప్పుడు ఆటలకు తోల్కపోయిండ్రు. పేపర్లన్నీ మిగిలిపోయినయ్.”

“మరి ఎందుకు మారుతున్నవ్?”

“నేనెక్కడ మారిన? మారుస్తున్నరు. ఫోన్ జేసి బ్యాగు సర్దుకో అంటరు.” ఆ అమ్మాయి బూటు లేసు విప్పుకుంటూ అంది. “ఈ పిల్లలు నాతోని మాట్లాడరు మేడం. వాళ్ల తప్పు లేదు. వాళ్ల జాగల నేనొచ్చి కూసున్న.”

పోటీలు వచ్చాయి. వినోద తనకున్న కొద్దిపాటి అధికారాన్ని వాడింది. సెమీఫైనల్‌లో ఎడమ మూలకు రాజశ్రీనే దింపింది. మొదటి సగంలో రాజశ్రీ రెండు పట్లు పట్టింది, ఒకసారి తొందరపడి దూకి బయటకు పోయింది. అవతలి జట్టు కొంచెం ముందుకు రాగానే వినోద ఫోన్ మోగింది. కృష్ణమోహన్ ఎదుటి గ్యాలరీలోనే కూర్చుని ఉన్నాడు.

“ఆ ఎల్లారెడ్డి పిల్లను తీసెయ్.”

“సార్, మంచిగనే ఆడుతున్నది.”

“తీసెయ్ అంటున్న.”

వినోద చెయ్యెత్తి రాజశ్రీని బయటికి పిలిచింది. రాజశ్రీ ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి, వచ్చి బెంచీ చివర కూర్చుంది. ఆ ఆట గెలిచారు. మర్నాడు ఫైనల్ కూడా గెలిచారు. రాజశ్రీ మళ్లీ కోర్టులో అడుగు పెట్టలేదు. కప్పు అందుకునేటప్పుడు కృష్ణమోహన్ ముందు నిలబడ్డాడు. వినోద వెనక కొళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంది. ఎన్నిసార్లు కడిగినా తృప్తి కలగలేదు. ఇతరుల మీద ఇన్నాళ్లుగా కలుగుతున్న రోత ఆ పూట తన మీదే కలిగింది.

కామారెడ్డిలో నిజాంసాగర్ చౌరస్తా దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. కృష్ణమోహన్ బొమ్మ నిలువెత్తున ఉంది. కింద కొత్తగా వచ్చిన ఐదుగురు కప్పు పట్టుకుని ఉన్నారు. ఏదో పని మీద పట్నం వచ్చిన సాలవ్వ దాన్ని చూసింది. చాలాసేపు కింద నిలబడి వెతికి, నేరుగా కాలేజీకి వచ్చింది.

“మా పిల్ల ఏది మేడం? మా పిల్లగూడ గెలిచిందన్నరు గదా?”

అసలు ఫొటోలో రాజశ్రీ ఉంది. చివరన నిలబడింది. ఫ్లెక్సీ కొలతకు సరిపోలేదని ఆ అంచు కోసేశారు. వినోద మాత్రం “చిన్నగ పడ్డది అక్కా” అని తల వంచుకుంది. సాలవ్వ హాస్టల్ వైపు వెళ్లింది.

వేసవి సెలవులకు ముందు కృష్ణమోహన్ మళ్లీ పిలిచాడు. మంచి హుషారుగా ఉన్నాడు.

“పద్మలతను మా దోస్తు కాలేజీకి ఇస్తున్న. వాళ్ల ఆల్‌రౌండర్‌ను మనకు పంపిస్తున్నరు. టీసీ రెడీ చెయ్యమని ఆఫీసుల చెప్పు.”

“ఆ పిల్లకు చెప్పిండ్రా సార్?”

“చెప్పేదేమున్నది? టీసీ చేతుల పెడితే పోతది. ఇంకో ముచ్చట. అడ్మిషన్లు తక్కువున్నయ్. ఎల్లారెడ్డి, తాడ్వాయి తిరిగి ఓ పదిమంది పిల్లలను తీస్కరా. ఆటల ఆశ చూపెడితే తల్లిదండ్రులు తొందరగ ఒప్పుకుంటరు. నీకు తెల్వనిదా?”

“వాళ్లను ఆడిస్తరా సార్?”

“సీట్లు నిండుతయ్ గదా.”

ఆయన నవ్వుతున్నాడు. వినోదకు అప్పుడర్థమైంది. తను స్కూటీ మీద తిరిగిన ఊళ్లు, ఎక్కిన అరుగులు, తాగిన టీలు అన్నీ ఈ మనిషికి ఖాళీ బెంచీలు నింపే పనిగానే కనిపించాయన్నమాట.

“ఈ నోటితోని ఆ మాట ఇంకొకల్లకు చెప్పలేను సార్.”

“జీతం తినే నోరు గాదా అది?”

“తిన్న. అందుకే ఇంత రోతగున్నది.” అని వినోద గదిలోంచి బయటికొచ్చేసింది.

అటునుంచి అటే హాస్టల్‌కు వెళ్లి పద్మలతను పట్టుకుంది. టీసీ కావాలని నువ్వు సంతకం పెట్టి అడిగితేనే ఇస్తారు, పెట్టకపోతే నిన్నెవరూ కదిలించలేరని చెప్పింది. పద్మలత తల అడ్డంగా ఊపింది.

“పెట్టకుంటే హాస్టల్ల ఉండనియ్యరు మేడం.”

“మా ఇంట్ల ఉండు. మిగిలిన పేపర్లు రాసుకో.”

పద్మలత సంతకం పెట్టలేదు. హాస్టల్ వాళ్లు రెండో రోజే గది ఖాళీ చేయమన్నారు. దోమకొండలో వినోద ఇంట్లో ఉంటూ, బస్సులో కామారెడ్డికి వచ్చి పోతూ, ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. కోర్టులోకి మాత్రం మళ్లీ దిగలేదు. ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్షలకు చదువుతోంది. పరుగు పందెం ఒక్కటే భయం లేనిది అంటుంది.

వినోద ఉద్యోగం ఆ వేసవితోనే పోయింది. ఆమె రాజీనామా రాసేలోపే కొత్త ఆటల సార్ వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. రాజశ్రీ కూడా ఆ కాలేజీలో ఉండనంది. టీసీ తీసుకుని ఎల్లారెడ్డి సర్కారు కాలేజీలో చేరింది. అక్కడ కబడ్డీ జట్టు లేదు.

ఆ సంగతి తెలిసి వినోద ఎల్లారెడ్డి వెళ్లింది. సాలవ్వ అరుగు మీదే ఉంది. వినోద కూర్చోకుండానే చెప్పింది.

“మాట తప్పిన అక్కా. ఆయన ఫోన్ చేసి చెప్పిండు.”

“ఫోన్ల ఆయన చెప్పిండు. చెయ్యెత్తి పిలిచింది నువ్వు గదా మేడం.” సాలవ్వ గొంతులో కోపం లేదు. “పిల్ల నాకు అంత చెప్పింది. దానికి నీ మీద కోపం లేదట. నాకే ఉన్నది.”

సాలవ్వ టీ పెట్టడానికి లేవలేదు. కాసేపటికి లోపల్నుంచి రాజశ్రీ వచ్చి, గడప దగ్గరే నిలబడి, “బాగున్నరా మేడం?” అంది. అంతే. వినోద తలూపి వచ్చేసింది. తాడ్వాయి దాటేదాకా స్కూటీ మీద ఏడుస్తూనే ఉంది.

ఇప్పుడామె తాడ్వాయిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆటలు నేర్పుతోంది. జీతం తక్కువ. కామారెడ్డి కాలేజీ ఫ్లెక్సీ ఏటా కడుతూనే ఉంది, అందులో మొహాలు ఏటా మారుతూనే ఉన్నాయి. పద్మలత బదులు వచ్చిన ఆల్‌రౌండర్ కూడా ఏడాది తిరక్కుండానే ఎటో వెళ్లిపోయిందని విన్నది.

మొన్నటి చలికాలం మండల ఆటల్లో ఎవరో కాలేజీ ఆయన తెల్లచొక్కాతో వచ్చి వినోద పక్కన కూర్చున్నాడు. పిల్లలు ఆడుతున్నారు. ఆయన ఫోన్ తీసి వీడియో పట్టుకుంటూ, “ఆ మూడో నంబర్ మీ పిల్లనేనా మేడం? గట్టి సరుకు లెక్కున్నది” అన్నాడు.

“ఆ ఫోన్ లోపల పెట్టి ఈడికెళ్లి లేచిపో” అంది వినోద.

ఆయన తమాషాకు అందేమోనని నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. చొక్కా దులుపుకుంటూ లేచి, మైదానం అవతలి వైపుకు వెళ్లి, అక్కడ నిలబడి మళ్లీ ఫోన్ తీశాడు. వినోద ఈల నోట్లో పెట్టుకుని లేచి అటే నడిచింది.