కుక్కకు అన్నం పెట్టేవారు కూడా రావాలి

ఫిల్మ్‌నగర్ బండల పక్కనున్న ఖాళీ స్థలంలో ఆదివారం పొద్దుటిపూట కుక్కలకు పాఠాలు చెప్పే డ్రిల్లు టీచరుగారు పోయిన నెలలో చనిపోయారు. కొద్ది రోజుల జ్వరం. మీలో కొందరికి ఈ సంగతి తరువాతి ఆదివారం కుక్కను పట్టుకుని వచ్చినప్పుడు నా నోటి నుంచే తెలిసింది. ఆవిడ గురించి మన కాలనీ పత్రికలో ఎవరైనా పెద్దవారు రాస్తే బాగుండేది. కానీ నేను ఇప్పుడే రాయవలసి వచ్చింది. ఆ స్థలాన్ని సెట్టింగు సామాను దింపుకోవడానికి ఒక సినిమా కంపెనీ అడుగుతోంది. స్థలం యజమాని నన్ను పిలిచి ఉన్నమాట చెప్పారు.

“టీచరమ్మ ముఖం చూసి ఇచ్చిన జాగ ఇది బిడ్డా. ఆమెనే లేకపాయె. ఇంక నువ్వు చెప్తే జనం వస్తరా, రారా? వస్తమంటే చెప్పు, నేను వాళ్లకు ఇయ్య. లేకుంటే లారీలు వస్తయి.”

కొంత గడువు ఇచ్చారు. ఆ లోపల క్లాసు నిలుస్తుందో లేదో తేలాలి. నిలవాలని నా కోరిక. అది మీ మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఆవిడ గురించి నాకు తెలిసింది మీకు చెబుతాను.

నేనెవరో తెలియనివారికి ఒక మాట. మా నాయన జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారి ఇంట్లో వాచ్‌మన్. మేము ఆ ఇంటి వెనక గదిలో ఉంటాం. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. యూసుఫ్‌గూడ వైపు నేను చదివిన బడిలో ఆవిడ డ్రిల్లు టీచరు. కృష్ణా జిల్లా నుంచి తమ్ముడితోపాటు వచ్చారు. తమ్ముడు సినిమాల్లో సౌండు పని చేసేవారు. ఆవిడ ఉద్యోగం మానేశాక నూలు చీర కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టి, కాన్వాసు బూట్లు వేసుకుని, మెడలో ఈలతో ఈ రోడ్ల మీద నడుస్తుంటే కొత్తవాళ్ళు ఏదో షూటింగు అనుకునేవారు. ఆ ఈల కుక్కల కోసం కాదు. క్లాసులో మనుషులు కబుర్లలో పడితే ఊదేవారు.

ఎవరైనా కుక్కను తెచ్చుకుని ఆవిడ దగ్గరికి వస్తే వాళ్ళు మొదట అడిగేది ఒక్కటే. అందరితో కలిపి నేర్పించాలా, మా కుక్కకు విడిగా చెబుతారా, లేకపోతే నేర్పే మనిషిని ఇంటికి రప్పించుకుంటే మేలా? ఈ మూడింటిలో ఏది మంచిదో ఆవిడ వెంటనే చెప్పేవారు కాదు. ఆ ఇంటికి వెళ్ళి కూర్చుని, టీ సాసరులో పోసుకుని తాగుతూ, ఇంట్లో ఎవరు ఎటు తిరుగుతున్నారో చూసేవారు. తరువాత అడిగేవారు. “దీనికి అన్నం ఎవరు పెడతారు? గేటు ఎవరు తీస్తారు? ఇది తప్పు చేస్తే ఎవరు నవ్వుతారు?”

మా నిర్మాతగారింటికీ అలాగే వచ్చారు. అప్పుడు నేను బడిలోనే చదువుతున్నాను. ఆ ఇంటి అల్సేషియన్ పేరు రాజా. అప్పటికే ఒక ట్రైనరు రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి లాన్‌లో నేర్పించి వెళ్ళేవాడు. ఇంటివాళ్ళు బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతూ చూసేవారు. అతను చెబితే రాజా కూర్చునేది, పడుకునేది, చెయ్యి ఇచ్చేది. అతను స్కూటరు స్టార్ట్ చేయగానే సోఫా ఎక్కేది. గేటు తీస్తే వీధిలోకి దూసుకుపోయేది. ఒకసారి పాలు పోయడానికి వచ్చిన ముసలాయనను పడేసింది. దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామన్న మాట కూడా వచ్చింది.

“మంచి ట్రైనరేనండీ అతను, మా వాడికే బుద్ధి లేదు,” అన్నారు నిర్మాతగారు.

“ట్రైనరూ మంచివాడే, కుక్కా మంచిదే. అతను ఉన్నంతసేపూ ఇది ఉద్యోగంలో ఉంటుంది. అతను వెళ్ళగానే సెలవు. ఆ సెలవంతా మీతోనే కదండీ గడపాలి?” అన్నారు టీచరుగారు. తరువాత వాకిట్లో నిలబడి ఉన్న మా నాయన వైపు తిరిగారు. “ఆదివారం క్లాసుకి మీరు వస్తే సరిపోదు, ఇతను కూడా రావాలి. అన్నం పెట్టేది ఇతను కదా.”

“అతనెందుకండీ? నేను తీసుకొస్తాగా.”

“అయితే మీరు ఒక్కరే దానితో ఉండండి. ఇతనికి సెలవివ్వండి.”

నిర్మాతగారు నవ్వేశారు. ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. అన్నం గిన్నె కడిగేదాన్ని నేనే కాబట్టి టీచరుగారు నన్ను కూడా రమ్మన్నారు.

ఆ పొద్దుట జరిగింది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. కార్లలో వచ్చినవారు, వాళ్ళ డ్రైవర్లు, వంటమనుషులు, అందరూ ఒకే వరుసలో నిలబడ్డారు. ఎవరి పక్కన ఎవరు నిలబడాలో తెలియక కాసేపు జరుగుతూనే ఉన్నారు. టీచరుగారు ఈల ఊది, “సినిమా టికెట్ల క్యూలో నిలబడలేదా ఎప్పుడూ?” అన్నారు. నిర్మాతగారు “రాజా, సిట్” అన్నారు. రాజా మా నాయన ముఖం చూసింది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. టీచరుగారు గొలుసు తీసి మా నాయన చేతికిచ్చారు. రాజా ఒక పొమేరియన్‌ను చూసి ఒక్క ఊపున లాగింది. మా నాయన దాని వెనకే పరుగెత్తుతూ, “రాజాబాబూ, వద్దు బాబూ, జర ఆగు బాబూ” అని బతిమాలుతున్నాడు. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. నేను నవ్వలేదు.

టీచరుగారు కూడా నవ్వలేదు. కుక్కను ఆపి మా నాయనను అడిగారు. “దీన్ని ఎప్పుడైనా గద్దించావా నువ్వు?”

“గది సారు కుక్కనమ్మా. సారు ముంగట నేనెట్ల గద్దిస్త? ఇంట్ల చిన్నబాబు లెక్కనే గదా.”

ఆవిడ నిర్మాతగారి వైపు తిరిగి మెల్లగా అన్నారు. “విన్నారుగా. మీకు దీనితో పరిచయం లేదు. అతనికి అధికారం లేదు. పాపం, ఇది ఎవరి మాట వినాలండీ?”

నిర్మాతగారు చాలాసేపు బూటుతో మట్టిని గీకారు. తరువాత అందరూ వింటుండగానే అన్నారు. “నర్సిమ్మా, నువ్వు గద్దించు. నేనేమీ అనుకోను. అవసరమైతే నా ముందే గద్దించు.”

మా నాయన అప్పటికీ వెంటనే గద్దించలేదు. గొలుసు దగ్గరగా పట్టుకుని, బాబు అనే మాట వదిలేసి, “రాజా, ఉండు” అన్నాడు. రాజా ఉండిపోయింది. టీచరుగారు రుమాలులో కట్టుకొచ్చిన రస్కు ముక్క ఒకటి దానికి పెట్టి, ఒకటి తాను నోట్లో వేసుకున్నారు. ఆ ఇంట్లో రాజాను ఇచ్చేద్దామన్న మాట మళ్ళీ రాలేదు.

గుంపులో నేర్పడం అంటే చవకగా నేర్పడమని చాలామంది అనుకుంటారు. ఆవిడ లెక్క వేరు. ఒంటరిగా తోటలో మాట వినే కుక్క వీధిలో ఇంకో కుక్క కనపడితే వినదు, వీధినే ముందు చూపించాలి అనేవారు. ఇంకొకటి కూడా ఉంది. మన తప్పు మనకు కనపడదు, పక్కవాళ్ళు అదే తప్పు చేస్తుంటే చక్కగా కనపడుతుంది.

అలాగని మిగతా రెండు పద్ధతులనూ ఆవిడ తక్కువ చేయలేదు. నిర్మాతగారి తల్లిగారు మోకాళ్ళ నొప్పులతో కదలలేరు. రాజా ఆవిడ మంచం ఎక్కేది. దాని కోసం టీచరుగారు ఇంటికే వచ్చారు. మంచం దగ్గర చేసే తప్పును మంచం దగ్గరే దిద్దాలి, గ్రౌండులో మంచం లేదు కదా అన్నారు. ఆ ఇంట్లో అప్పటికి సార్ “సిట్” అనేవారు, మా నాయన “కూసో” అనేవాడు, వంటాయన “బైఠ్” అనేవాడు, పెద్దమ్మగారు “కూర్చో నాన్నా” అనేవారు. అందరూ ఒకే మాట అనాలంటే ఎవరి మాట ఉంచాలన్న దాని మీద వాదన వచ్చింది. ఇంగ్లీషే ఉంచుదామన్నారు సార్. పెద్దమ్మగారు ఒప్పుకోలేదు.

“ఈ వయసులో కుక్క కోసం నేను ఇంగ్లీషు నేర్చుకోనా? నా మొగుడి కోసమే నేర్చుకోలేదు.”

“ఇంట్లో మాట మార్చుకోలేనివారు ఎవరుంటే వాళ్ళ మాటే ఇంటి మాట. మార్చుకోగలవాళ్ళు మార్చుకోవాలి,” అన్నారు టీచరుగారు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో అందరూ “కూర్చో” అనే అన్నారు. నేను పెద్ద చదువుకు వెళ్ళి మా అమ్మతో మాట్లాడేటప్పుడు చాలాసార్లు ఈ మాట తలచుకున్నాను.

విడిగా పాఠం చెప్పమని డబ్బున్నవారు ఎంతోమంది అడిగేవారు. ఆవిడ అందరికీ ఒప్పుకునేవారు కాదు. “విడి పాఠం పిరికివాళ్ళకి. గొప్పవాళ్ళకి కాదు,” అనేవారు. తండ్రి వేషాలు వేసే ఒక ముసలి నటుడి దగ్గర ఒక కుక్క ఉండేది. ఎక్కడ చప్పట్లు వినపడినా మంచం కింద దూరేది. ఆయన ఇంటికి చప్పట్లు కొట్టేవారు చాలామంది వస్తారు మరి. టీచరుగారు వారాల తరబడి ఆ ఒక్క కుక్కను తీసుకుని బండల వెనక కూర్చున్నారు. కూర్చోవడమే, వేరే పాఠం లేదు. తరువాత దూరం నుంచి మన క్లాసు చూపించారు. ఒక ఆదివారం అదే వచ్చి వరుస చివర నిలబడింది. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే, “ఇది వేషమా, నిజమాండీ?” అని ఆటపట్టించారు.

ఆవిడ వరండాలో ఒక వీధి కుక్క పడుకునేది. దానికి ఏం నేర్పారని నేనొకసారి అడిగాను. “ఏమీ లేదే. అది నా దగ్గర ఉండటానికి వచ్చింది. చదువుకోడానికి కాదు,” అన్నారు.

నేను డిగ్రీలో చేరాక చిన్న కుక్కల వరుస నాకు అప్పగించారు. మొదటి రోజే గట్టిగా అరిచాను. ఆవిడ దగ్గరికి వచ్చి, “వినపడకపోతే గొంతు పెంచకు. దగ్గరికి వెళ్ళు,” అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ వరుసలో ఒక పెద్దింటి ఆవిడ ఉండేవారు. ఆవిడకు నేను చెప్పడం నచ్చలేదు.

“టీచరుగారూ, మీరు చెప్పండి. ఈ అమ్మాయి మా పక్కింటి వాచ్‌మన్ కూతురు కదండీ.”

“నాకివాళ గొంతు పోయిందండీ,” అన్నారు టీచరుగారు మామూలు గొంతుతోనే. వెళ్ళి ఒక బండ మీద మాకు వీపు పెట్టి కూర్చున్నారు. ఎంతసేపటికీ తిరగలేదు. ఆ పెద్దావిడ కాసేపు అటు చూశారు, ఇటు చూశారు. చివరికి నాతో, “సరే, ఏం చెయ్యమంటావు?” అన్నారు. ఇప్పుడు ఆవిడ, ఆవిడ వంటమనిషి కలిసే వస్తున్నారు. ఆవిడ పేరు రాయను. ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు.

జ్వరంలో ఉన్నప్పుడు చూడటానికి వెళితే టీచరుగారు ముందు క్లాసు సంగతే అడిగారు. ఆ ఆదివారం నేనొక్కదాన్నే నడిపించాను. ఎవరెవరు వచ్చారో చెప్పబోయాను.

“వచ్చినవాళ్ళు వస్తారులే. రానిది ఎవరు?”

చెప్పాను. నేను నడిపిస్తానని తెలిసి కొందరు రాలేదు. ఆ మాట దాచబోయాను గానీ ఆవిడకు అర్థమైంది.

“నేను మొదలుపెట్టినప్పుడూ రాలేదు. డ్రిల్లు టీచరుకి కుక్కల సంగతి ఏం తెలుసన్నారు. గుమ్మం ఎక్కి అడిగాను. నువ్వూ అడుగు. అడగడానికి చిన్నతనం ఏముంది?”

మా ఇద్దరి మధ్య అదే ఆఖరి మాట. అందుకే ఈ పత్రిక ద్వారా మీ అందరి గుమ్మాలూ ఎక్కుతున్నాను.

నేను ఆవిడను కాను. నాకు తెలిసింది ఆవిడ దగ్గర చూసి నేర్చుకున్నంతే. మీ కుక్క పిరికిది అయితే విడిగా కూర్చుంటాను. మీ ఇంట్లోనే చేసే తప్పు అయితే ఇంటికి వస్తాను. కానీ ఆదివారం క్లాసు పోతే మిగతా రెండూ సగమే మిగులుతాయి. కుక్కలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకునే చోటు, మనం ఒకరి పక్కన ఒకరం నిలబడే చోటు ఇక్కడ మరొకటి లేదు.

నిన్న సాయంత్రం ఆ స్థలానికి వెళ్ళాను. కంపెనీవాళ్ళు అప్పుడే ఒక ప్లైవుడ్ రాజద్వారం తెచ్చి ఒక మూలకు ఆనించి పోయారు. ముందు వైపు బంగారు రంగు, వెనక పచ్చి చెక్క. మిగతా నేలంతా గడ్డి ఉంది. దాని మధ్యలో, ఇన్నేళ్ళు కుక్కలూ మనుషులూ వరుసగా నిలబడిన చోట, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రటి మట్టి దారం లాగా కనపడుతోంది. వానలు మొదలైతే అక్కడ కూడా గడ్డి మొలుస్తుంది.

జూన్ పదో తేదీ లోపల, వస్తారో రారో ఏదో ఒకటి చెప్పండి. ఆదివారం పొద్దున నేను అక్కడే ఉంటాను. మీరు రాలేకపోతే మీ డ్రైవరుతోనో వాచ్‌మన్‌తోనో కబురు పంపినా చాలు. రామని చెప్పినా నేనేమీ అనుకోను. జవాబు మాత్రం ఇవ్వండి.