ఖుర్సీపార్ నీళ్లతో కుళాయి పండగ

మా చిన్నప్పుడు... వీధిలో "భాజీ లే లే బాయీ" అన్న కేక వినబడగానే అమ్మ చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. తలమీద ఆకుకూరల తట్టతో సుక్వారో బాయి! ఉతై అనే ఊరికి అవతల ఏదో పల్లె ఆమెది. హిందీ రాష్ట్రంలో మా తెలుగువాళ్ల బస్తీ ఖుర్సీపార్ చేరేసరికి ఎండెక్కిపోయేది. తట్ట దించగానే ముందు అడిగేది నీళ్లు... ఇత్తడి చెంబెత్తి గటగటా తాగి, మా వీధి కుళాయి వైపు చూస్తూ కాసేపు కూర్చునేది.

ఎండాకాలం వస్తే వాళ్ల ఊరి బావి అడుగంటేది. ఇక ఏటి ఇసకలో చెలమలు తవ్వుకోవడమే. ఆ పని ఆమె కూతురు కేజాది. నా ఈడు పిల్ల. నేను పుస్తకాల సంచితో బడికి వెళ్లే వేళకి అది బిందెలతో ఏటికి వెళ్లేది.

డెబ్బైల చివర్లో ఓ రోజు సుక్వారో ముఖమంతా నవ్వుతో వచ్చింది. "నల్ ఆహీ, త కేజా ఇస్కూల్ జాహీ!" అంది. కుళాయి వస్తుందట, కేజా బడికి వెళ్తుందట... అమ్మ నా పాత గౌను, పలక తీసి ఆమె తట్టలో పెట్టింది.

ఎవరో విదేశం వాళ్లు పంచాయతీలను బాగుచేస్తామని వచ్చారు. ట్యాంకు, గొట్టాలు, కుళాయి వాళ్లవి. బోరులో దింపే మోటారు మాత్రం పంచాయతీ వాటా. ఏ దేశమని అడిగితే సుక్వారోకి తెలీదు. ఆ దేశానికి సుక్వారో తెలుసా ఏమిటి!

మా నాన్నది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు. ఆ కుళాయి ప్రారంభోత్సవం ఆర్డరు తిరిగి తిరిగి మాకే వచ్చింది.

"సోపాలు కూడా అడిగార్రా బాబూ! కుళాయి తిప్పడానికి సోపాలెందుకో మరి," అని నాన్న పకపకా నవ్వాడు.

ఆ వేళ సెలవు. నేనూ లారీ ఎక్కేశాను. అతిథుల మంచినీళ్ల కోసం మా వీధి కుళాయి దగ్గర నింపిన డ్రమ్ములు కూడా లారీలోనే ఉన్నాయి.

ఊరు చేరాం. ట్యాంకుకి వెల్ల వేశారు, కుళాయికి రిబ్బను కట్టారు, పక్కన పేర్లు చెక్కిన పాలరాయి... అన్నీ ఉన్నాయి. నీళ్లు లేవు! మోటారు రాలేదట. సఫారీ సూటు వేసుకున్న ఒక ఆఫీసరు చెమటలు కక్కుతూ అటూ ఇటూ తిరిగి, చివరికి మా డ్రమ్ములు చూశాడు.

"ట్యాంకీ మే డాల్ దో, జల్దీ!"

"సాబ్, యే పీనే కా పానీ హై," అన్నాడు నాన్న.

"అరే, నల్ సే హీ తో పీయేంగే!"

తాగే నీళ్లయితే మాత్రం ఏమిటి, కుళాయిలోంచే తాగుతారు కదా అని! ఆ తెలివికి దండం పెట్టాలి. మా కూలీలు నిచ్చెన వేసుకుని, బకెట్లతో ఖుర్సీపార్ నీళ్లు మోసి ఆ ట్యాంకులో పోశారు.

కార్లు వచ్చాయి. దండలు, ఉపన్యాసాలు... ఊరు తన కాళ్ల మీద తాను నిలబడిందని ఆఫీసరు మా మైకులోనే గొంతు చించుకున్నాడు. తెల్లదొర రిబ్బను కత్తిరించి కుళాయి తిప్పాడు. చప్పట్లే చప్పట్లు! దొరగారు ఫోటో కోసం చెయ్యి తడుపుకుని, జేబురుమాలుతో శుభ్రంగా తుడుచుకుని, తన ఫ్లాస్కులోంచి తాగాడు.

సుక్వారో జనాన్ని తోసుకుని వచ్చి దోసిలి పట్టింది. నా పాత గౌనులో కేజా పక్కనే ఉంది. చంకలో పలక... కడుపారా తాగి సుక్వారో నా దగ్గరికి పరుగున వచ్చింది.

"మీఠ్ హే బేటీ, తుఁహర్ ఘర్ కే పానీ అసన్!"

మీ ఇంటి నీళ్లలాగే తియ్యగా ఉన్నాయి అంటోంది! నేను నోరు తెరవబోతే నాన్న నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

"ఊరుకోయే అమ్మీ. ఏటి సెప్తావు దానికి?"

కార్లు మలుపు తిరిగాయో లేదో, కుళాయి నాలుగుసార్లు దగ్గి ఊరుకుంది.

తర్వాత సుక్వారో మళ్లీ తట్టతో వచ్చింది. మోటారు ఎప్పుడొస్తుందని అమ్మ అడిగింది.

"మోటర్ కే పైసా పండాల్ మ సిరా గే, బాయీ," అంది. మోటారు డబ్బులు పందిరికే అయిపోయాయని సర్పంచు చెప్పాడట.

ఆ పందిరి ఎవరిదో ఆమెకు తెలుసు. అయినా మా గుమ్మంలోనే కూర్చుని నీళ్లడిగింది. అమ్మ చెంబు ముంచి ఇచ్చింది గాని తలెత్తి చూడలేకపోయింది. లోపల షామియానా తాళ్లు చుడుతున్న నాన్న చుట్టడం ఆపేశాడు.

ఛీ... ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. సాయం చేశామని అక్కడెక్కడో ఒక దేశం మురిసిపోయి ఉంటుంది. మన ఆఫీసరుకి ప్రమోషన్ కూడా వచ్చే ఉంటుంది. సిగ్గూ శరం లేని జాతి!

కొన్నేళ్లకు, ఎనభైల్లో, సుక్వారో రావడం మానేసింది. ఆ తట్ట ఎత్తుకుని కేజా వచ్చింది. గుమ్మంలో తట్ట దించి, ముందుగా అడిగింది నీళ్లే... అప్పుడు నేను కాలేజీకి బయల్దేరుతున్నాను.

మొన్న ఆ దారిన వెళ్తే చూశాను. పాలరాతి మీద పేర్లు ఇంకా మెరుస్తున్నాయి, కుళాయికి ఎవరో మేకను కట్టేశారు. ఇప్పుడు ప్రారంభోత్సవాలకు డ్రోన్లు కూడా వస్తున్నాయట! ఆ రోజుల్లో కనీసం నీళ్లు మోసి పోసే సిగ్గయినా ఉండేది.

మీ ఊళ్లోనూ రిబ్బను కత్తిరించిన కుళాయిలు ఉండే ఉంటాయి కదా... ఫోటోలు పెట్టకండి. ఒకసారి వెళ్లి, తిప్పి చూసి, ఏం వచ్చిందో చెప్పండి.